మోడల్‌లో లేని ఊట



పోయిన ఎండాకాలం మా పంచాయతీలో ఒక మీటింగ్ జరిగింది. కొండ కింద ప్లాంటు పెడతామని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ పక్కన పెడతాను. నేను చెప్పబోయేది అందరు కంపెనీల వాళ్లకీ వర్తిస్తుంది. బడి వరండాలో తెల్లగుడ్డ కట్టి, ల్యాప్‌టాప్ పెట్టి ఒక వీడియో వేశారు. గద్ద దిగినట్టు పైనుంచి దిగి, గేటులోంచి లోపలికి తీసుకెళ్లింది ఆ వీడియో. ట్యాంకులు, పైపులు, ఇనుప మెట్లు, హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు, రోడ్డుకు రెండు పక్కలా ఒకే ఎత్తున్న పచ్చని చెట్లు. పిల్లలు నోరు తెరుచుకొని చూశారు. నిజం చెప్పాలంటే నేనూ చూశాను. చాలా బాగుంది.

అయిపోయాక మా ఊరి పెద్దమ్మ ఒకామె లేచింది. బడి ముఖం చూసిన మనిషి కాదు. "బాబూ, అంతా బాగుంది గానీ మా ఊట ఏదీ? ఇందులో అగుపడదేటి?" అని అడిగింది.

ల్యాప్‌టాప్ దగ్గరున్న అబ్బాయి వీడియోను వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. ఊట లేదు. ఊట నుంచి దిగే గెడ్డ లేదు. గెడ్డ పక్కన వరిమళ్లు లేవు. శంకుదేవుడి రాళ్లు లేవు. ఆ చోట బూడిద రంగు నేల, దాని మీద ఆ ఒకే ఎత్తు చెట్లు. "అది తర్వాత యాడ్ చేస్తామమ్మా" అన్నాడు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. రెండేళ్ల కింద ఆ కుర్చీలో కూర్చున్నది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

బీటెక్ సివిల్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసులో ఏడాదిన్నర పని చేశాను. పని పేరు బిమ్ మోడలర్. బిమ్ అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. మన పిల్లలు చాలామందికి ఈ పేరు తెలియదు గానీ, ఇప్పుడు పెద్ద ప్లాంటు ఏది కట్టినా ముందు ఇలాగే కంప్యూటర్‌లో కడుతున్నారు. ఎక్కడెక్కడి దేశాల ప్లాంట్లకో హైదరాబాద్, చెన్నై, పుణే ఆఫీసుల్లో మోడల్స్ తయారవుతాయి.

పాత పద్ధతిలో సివిల్ వాళ్లు ఒక డ్రాయింగ్, పైపుల వాళ్లు ఇంకొకటి, కరెంటు వాళ్లు మరొకటి గీసేవాళ్లు. కట్టేటప్పుడు చూస్తే పైపు వెళ్లాల్సిన చోట కాంక్రీటు బీమ్ ఉండేది. పగలగొట్టి మళ్లీ కట్టాలి. ఇప్పుడు అందరి పనీ ఒకే త్రీడీ మోడల్‌లో కలుపుతారు. అందులో పైపు ఉత్త గీత కాదు. ఏ లోహం, ఎంత మందం, లోపల ఏం పారుతుంది, ఎంత వేడి, ఎంత ఒత్తిడి, అన్నీ దానికే అంటిపెట్టుకొని ఉంటాయి. దానికి టైమ్ జోడిస్తే ఏ నెలలో ఏం కడతారో కనపడుతుంది, దాన్ని ఫోర్‌డీ అంటారు. ఖర్చు జోడిస్తే ఫైవ్‌డీ.

దీని అసలు బలం క్లాష్ డిటెక్షన్. ఒక వస్తువు ఇంకొక వస్తువులోకి దూసుకుపోతే కంప్యూటర్ పట్టుకొని ఎర్రగా చూపిస్తుంది. ముట్టుకోవడం కూడా అక్కర్లేదు. వాల్వు తిప్పడానికి మనిషి చెయ్యి పట్టేంత సందు లేకపోయినా క్లాషే. ఖాళీ చోటును కూడా వస్తువులాగే గీస్తాం. క్రేన్ తిరగడానికి ఇంత, మంటలొస్తే మనుషులు పారిపోయే దారికి ఇంత అని. అందులోకి ఏ పైపూ రాకూడదు. ఒక్కో వారం వందల క్లాష్‌లు వచ్చేవి. కూర్చొని ఒక్కొక్కటీ సరిచేసేవాళ్లం. మంచి పని అది. ప్రాణాలు కాపాడే పని కూడా. నేను దాన్ని తిట్టడానికి రాయట్లేదు.

ఒకరోజు ఊరికే మోడల్‌ను దూరంగా జరిపి చూశాను. ప్రహరీ గోడ దాటాక బూడిద రంగు నేల ఒక దుప్పటిలా పరిచి ఉంది. దాని మధ్యలో సన్నగా ఒక పల్లం. మనం కొండల్లో పుట్టినోళ్లం కదా, చూడగానే తెలిసిపోయింది అది గెడ్డ అని. నీళ్లు గోడ కిందికే వస్తున్నాయి. మా లీడ్‌ను అడిగాను, "సార్, ఇక్కడ వాగు ఉన్నట్టుంది, కింద ఊరు ఏమైనా ఉందా?" ఆయన మంచివాడే. తెర వైపు చూసి, "అది మన స్కోపులో లేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఈ మాట నన్ను వదల్లేదు. క్లాష్ రావాలంటే రెండు వస్తువులూ మోడల్‌లో ఉండాలి. పైపు ఉండి బీమ్ లేకపోతే క్లాష్ రాదు. ప్లాంటు ఉండి ఊట లేకపోతే క్లాష్ రాదు. రిపోర్టులో సున్నా అని వస్తుంది. అబద్ధం ఎవరూ ఆడలేదు. మనల్ని లోపల పెట్టలేదు, అంతే. వాల్వు తిప్పే చేతికి చోటు చూసిన మోడల్, బిందెలతో నీళ్లకు వెళ్లే మన ఆడవాళ్ల దారికి చోటు చూడలేదు.

ఇంకొక చిన్న సంగతి చెబుతాను. ప్లాంటు డిజైన్‌లో "ప్లాంట్ నార్త్" అని ఒకటి ఉంటుంది. అసలు ఉత్తరం ఒక పక్కకుంటే, లెక్కలు తేలికగా ఉండాలని గోడలకూ పైపులకూ సరిపోయేలా ఇంజనీర్లు తమ ఉత్తరం తాము పెట్టుకుంటారు. ప్లాంటులో ఒక మూలను సున్నా అనుకొని కొలతలన్నీ అక్కణ్ణుంచి మొదలుపెడతారు. ఇందులో తప్పేమీ లేదు, పని సౌకర్యం. కానీ ఆలోచించండి. ఆ మోడల్‌లో ప్రపంచం మొదలయ్యేదే ప్లాంటు మూల దగ్గర. కొండ ముందు నుంచే ఉంది, ప్లాంటు తర్వాత వచ్చింది అనే వరస అందులో ఎక్కడా లేదు.

గోడ బయట ఉన్నదాన్ని వదిలేస్తే ఏమవుతుందో దేశం చూసింది. ఒడిశాలో కలహండి జిల్లా లాంజిగఢ్‌లో, నియమగిరి కొండ కిందే వేదాంత అల్యూమినా రిఫైనరీ కట్టారు. 2007లో మొదలైంది. కొండ మీది బాక్సైట్ వస్తుందన్న లెక్కతోనే దాన్ని అక్కడ పెట్టారు. ఆ కొండ డోంగ్రియా కోందులకు దేవుడు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ నిర్ణయం గ్రామసభలదే అని చెప్పింది. ఆ జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో గ్రామసభలు పెడితే 12 ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి నిరాకరించింది. రిఫైనరీకి బాక్సైట్ వేరే చోట్ల నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. లోపల ఎన్ని పైపుల క్లాష్‌లు సరిచేసుకున్నారో గానీ, అన్నిటికంటే పెద్ద క్లాష్ గోడ బయటే ఉండిపోయింది.

మన దగ్గర చూడండి. చింతపల్లి, జెర్రెల కొండల బాక్సైట్‌ను నమ్ముకొని కింద మాకవరపాలెం మండలంలో రిఫైనరీ కట్టారు. కొండ మీద మనవాళ్లు ఒప్పుకోలేదు. 2015 నవంబర్‌లో గనుల కోసం జీవో 97 వచ్చింది, ఏజెన్సీ అంతా రోడ్డెక్కింది, 2019లో ఆ జీవో రద్దయింది. ఖనిజం లేక ఆ రిఫైనరీ ఏళ్ల తరబడి అలాగే నిలబడిపోయింది. "ఆదివాసీలను అడుగుతూ కూర్చుంటే ఆలస్యం, ఖర్చు" అనేవాళ్లు ఒకసారి అటు వెళ్లి చూసి రావాలి. అడగకుండా కడితే ఎంత ఖర్చో అక్కడ నిలబడి కనపడుతుంది.

అల్యూమినా ప్లాంటే ఎందుకు చెబుతున్నానంటే, మన కొండలకు ఎప్పుడూ పొంచి ఉండే ప్లాంటు అదే. బాక్సైట్‌ను పొడి చేసి, వేడి కాస్టిక్ సోడాలో ఉడికించి, తెల్లటి అల్యూమినా తీస్తారు. మిగిలేది ఎర్రటి బురద. ఒక టన్ను అల్యూమినాకు దాదాపు టన్ను నుంచి టన్నున్నర బురద. దాన్ని కట్ట కట్టి చెరువులా నిలవ పెడతారు. 2010 అక్టోబర్ 4న హంగరీలో ఆయ్‌కా అనే ఊరి దగ్గర అలాంటి చెరువు కట్ట తెగింది. కింది ఊళ్ల మీద పడింది. పదిమంది చనిపోయారు, వందమందికి పైగా ఒళ్లు కాలి, గాయపడ్డారు. మన దేశంలో 2019 ఏప్రిల్‌లో జార్ఖండ్ మురిలో ఎర్ర బురద గుట్ట కూలి పక్క పొలాల మీద పడింది. ఆ కట్ట ప్లాంటు హద్దులోపలే ఉంటుంది. తెగితే పారేది మాత్రం హద్దు బయటికి. డిజైనర్ స్కోపు గోడ దగ్గర ఆగుతుంది, బురద ఆగదు.

మరి చట్టం ఏం చెబుతోంది? అడగమనే చెబుతోంది. 1996 పీసా చట్టం ప్రకారం భూమి సేకరించే ముందు గ్రామసభను సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి తీసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 1/70 ఉంది. 1997లో సమత తీర్పు వచ్చింది. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రిపోర్టు సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి.

ఇక్కడే ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చూడండి. ఈఐఏ కోసం సాధారణంగా ప్లాంటు చుట్టూ 10 కిలోమీటర్ల వరకు సర్వే చేస్తారు. గాలి, నీళ్లు, ఊళ్లు, అడవి అన్నీ అందులో రాస్తారు. అంటే గోడ బయటి సంగతి ఒక ఫైల్‌లో ఉంది. గోడ లోపలి సంగతి ఇంకో ఫైల్‌లో, మోడల్‌లో ఉంది. ఒకటి పట్టికలు, ఒకటి త్రీడీ. చేసేది వేరే వేరే ఆఫీసులు. రెండూ ఒకే తెర మీదికి రావు. నాలుగు శాఖల డ్రాయింగులను ఒకచోట కలపడమే బిమ్ గొప్పతనం అంటారు కదా. ఈ అయిదో ఫైల్‌ను మాత్రం ఎందుకు కలపరు?

రెండో మెలిక కాలానిది. సభలో మనకు చూపేది లేఅవుటూ, రంగుల వీడియో. వివరమైన మోడల్ ఎక్కువగా అనుమతులు వచ్చాకే తయారవుతుంది. ఏ గెడ్డ మీద కల్వర్టు, ఏ దారిలో లారీలు, బురద చెరువు కట్ట ఎంత ఎత్తు, ఇవన్నీ తేలేది అప్పుడు. అంటే మన నోరు తెరిచి ఉన్నప్పుడు సమాచారం ఉండదు. సమాచారం వచ్చేసరికి మన వేలిముద్ర పడిపోయి ఉంటుంది.

బిమ్ అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. తప్పును డిజైన్‌లో సరిచేస్తే ఒక క్లిక్, కాంక్రీటు పోశాక సరిచేస్తే కోట్లు. నిజమే. ఊట విషయంలోనూ అదే నిజం. ఒక్క తేడా, కాంక్రీటును కోట్లు పెట్టి పగలగొట్టొచ్చు. ఎండిపోయిన ఊటను ఎన్ని కోట్లు పెట్టినా మళ్లీ పుట్టించలేం.

బిమ్‌కు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 19650. దాని ప్రకారం పని చేయించుకునేవాడు మొదట్లోనే రాసి ఇవ్వాలి, మోడల్‌లో నాకు ఏ ఏ సమాచారం కావాలి అని. అడిగినదే లోపలికి వస్తుంది. ఇప్పటిదాకా అడిగేది కంపెనీ ఒక్కటే. గ్రామసభ కూడా ఆ జాబితా ఇవ్వాలి, అనుమతి ఇచ్చే ప్రభుత్వం దాన్ని షరతుగా పెట్టాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన జాబితా ఇలా ఉండొచ్చు:

1. గ్రామసభకు ముందే ప్లాంటు లేఅవుట్‌ను అసలు భూమి కొలతల మీద పెట్టి చూపాలి. ఊటలు, గెడ్డలు, పోడు, మేత, శ్మశానం, దేవతల చోట్లు, నడిచే దారులు అందులో ఉండాలి.

2. గోడ లోపల క్లాష్ రిపోర్టు ఉన్నట్టే గోడ బయట కూడా ఒకటి తయారు చేసి, గ్రామసభలో మన భాషలో చదివి వినిపించాలి.

3. నెలవారీ ప్లాన్ చూపాలి. ఏ నెలలో చెట్లు కొడతారు, ఎక్కడ బాంబులు పేలుస్తారు, రోజుకు ఎన్ని లారీలు బడి ముందు నుంచి పోతాయి.

4. చెరువు కట్ట తెగితే ఎటు పారుతుంది, ఏ ఇంటికి ఎన్ని నిమిషాల్లో చేరుతుంది, అది మ్యాపు మీద గీసి చూపాలి.

5. సమ్మతి తర్వాత డిజైన్ మారితే, విస్తరణ వచ్చినా సరే, మళ్లీ గ్రామసభకే రావాలి.

6. మోడల్‌ను ఐఎఫ్‌సీ లాంటి ఓపెన్ ఫార్మాట్‌లో ఇవ్వాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మన పిల్లలే తెరిచి చూసుకుంటారు. తెర చూడలేని పెద్దవాళ్ల కోసం పెద్ద మ్యాపు, మట్టి నమూనా పెట్టాలి.

ఇది చదివి కొందరు అన్నలు అంటారని నాకు తెలుసు. "తమ్మీ, వాళ్ల సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే వాళ్ల ఆట ఆడినట్టే. రేపు ఊటలన్నీ మోడల్‌లో పెట్టి, పైపు పది మీటర్లు పక్కకు జరిపి, ఇదిగో క్లాష్ లేదు, సంతకం పెట్టండి అంటారు" అని. ఈ భయం ఉత్తది కాదు, నాకూ ఉంది. కాబట్టి గట్టిగా చెప్పుకుందాం. నియమగిరిలో ఆ 12 ఊళ్లు ఏ త్రీడీ మోడల్ చూడకుండానే వద్దన్నాయి. ఆ మాట చాలింది. క్లాష్ లేకపోయినా వద్దనే హక్కు మనకుంది. అంతా సరిచేశాం అన్నా వద్దనొచ్చు. మోడల్‌లో చోటు ఇవ్వడం సమ్మతి తీసుకోవడం కిందికి రాదు. ఈ రెండింటినీ ఎవరు కలిపి మాట్లాడినా అక్కడే ఆపండి.

రెండో జాగ్రత్త. మన దేవుళ్ల చోట్లు, మందు మొక్కలు దొరికే చోట్లు కొలతలతో సహా వాళ్ల సర్వర్‌లో పెట్టామంటే అవి ఇక మన చేతిలో ఉండవు. ఆ సమాచారం గ్రామసభది. ఏది చూపాలో, ఏది దాచాలో సభే తేల్చాలి. శంకుదేవుణ్ణి త్రీడీలో గీయాల్సిన పని లేదు. క్రేన్ కోసం ఖాళీ చోటును వస్తువులా గీస్తారని చెప్పాను కదా. అలాగే ఇంత మేర ఖాళీ, ఇందులోకి ఏదీ రాకూడదు అని గీస్తే చాలు. ఎందుకో చెప్పక్కర్లేదు.

మరి నేర్చుకోవడం ఎందుకంటే, ఆ మీటింగ్ తర్వాత ఏం జరిగిందో వినండి. ఊళ్లో కుర్రాళ్లం, ఆడపిల్లలం కలిసి పెద్దవాళ్లను వెంటబెట్టుకొని మూడు రోజులు కొండ తిరిగాం. ఫోన్‌లో జీపీఎస్‌తో ప్రతి ఊట దగ్గరా గుర్తు పెట్టాం. ఏడు ఊటలు తేలాయి. కంపెనీ ఇచ్చిన మ్యాపులో ఉన్నది ఒక్కటే. పాత ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకొని, వాళ్ల లేఅవుట్‌ను మన గుర్తుల మీద పరిచాం. మూడు ఊటలు సరిగ్గా వాళ్ల వ్యర్థాల యార్డు కింద పడ్డాయి. ఆ మూడింటి నీళ్లే మా కింది రెండు ఊళ్లకు తాగునీరు.

ఆ మ్యాపును పాత ఫ్లెక్సీ వెనక పెద్దగా గీసి గ్రామసభలో పెట్టాం. "కొంపలు మునుగుతాయి" అని ఎన్నేళ్లుగానో అంటున్నాం, ఎవరూ వినలేదు. "ఇదిగో మూడు ఊటలు, ఇదిగో మీ యార్డు" అంటే వచ్చిన అధికారి కూడా ముందుకు వంగి చూశాడు. సభ తీర్మానం రాసి పంపింది. ఇంకా జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా, "తర్వాత యాడ్ చేస్తాం" అనే మాట మా ఊళ్లో ఇక చెల్లదు.

చెల్లీ, తమ్ముడూ, మీలో సివిల్, మెకానికల్, డిప్లొమా, ఐటీఐ చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ఆఫీసుల్లో ఉద్యోగం వస్తే వెళ్లండి, ఇంటికి డబ్బు పంపండి, సిగ్గుపడే పనేమీ లేదు. కానీ ఒక్కసారి మోడల్‌ను దూరంగా జరిపి గోడ బయట చూడండి. "అక్కడ ఊరు ఉందా" అని అడగండి. ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఆఫీసులో ఒక్కరైనా ఉండాలి. ఊరికి వచ్చినప్పుడు మ్యాపు గీయడం ఇంకో నలుగురికి నేర్పండి.

చివరిగా ఆ పెద్దమ్మ సంగతి. మేం గీసిన మ్యాపు చూపిస్తే వేలు పెట్టి వెతుక్కుంది. తన ఊట కనపడ్డాక నవ్వుతుంది అనుకున్నాం. కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ కాదు నాయనా. ఎండాకాలం కాబట్టి కిందికి దిగింది. వానల్లో ఇంకా పైన పుడతాది" అంది.

వానలు మొదలయ్యాయి. వచ్చే ఆదివారం మళ్లీ కొండెక్కుతున్నాం. ఈసారి ముందు ఆమె నడుస్తుంది.

జోహార్. జై ఆదివాసీ.